సెట్లకెవలు సెప్పినారు?

కాశీబుగ్గలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. పోయిన నెలలో ఒకరోజు పది మాటలిచ్చి, ఒక్కోదానికి సొంత వాక్యం రాయమన్నాను. అందులో ఒకటి 'సర్‌ప్రైజ్'. పదకొండుమంది పిల్లలుంటే తొమ్మిదిమంది 'మై ఫాదర్ సర్‌ప్రైజ్డ్' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఒకడు ఆ మాటనే వదిలేశాడు. ఉద్దానం నుంచి సైకిలు మీద వచ్చే ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: 'తిత్లీ సర్‌ప్రైజ్డ్ అవర్ కోకోనట్ ట్రీస్.'

ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను. కొట్టేశాక పిలిచి అడిగాను.

"ఏటమ్మా ఇది? చెట్లు ఆశ్చర్యపోతాయా ఎక్కడైనా? అయినా తిత్లీ తుపాను వస్తోందని రెండ్రోజుల ముందునుంచీ మైకుల్లో చెబుతూనే ఉన్నారు గదా, ఇంక సర్‌ప్రైజేటి?"

"మాకైతే సెప్పినారు మాస్టారూ," అంది. "సెట్లకెవలు సెప్పినారు?"

పెన్నుకు మూత పెట్టేశాను. ఆ రాత్రంతా ఆ వాక్యం నన్ను పడుకోనివ్వలేదు. తప్పు పిల్లది కాదు, నాది. నాదంటే నాకు ఆ మాట నేర్పినవాళ్లది, వాళ్లకు నేర్పిన గైడ్లది. ముప్పయ్యేళ్ల కిందట నా గైడులో 'సర్‌ప్రైజ్' పక్కన 'ఆశ్చర్యపరచు' అని అచ్చేసి ఉండేది. ఇవాళ నా దగ్గరకొచ్చే పిల్లల గైడులోనూ అదే ఉంది. ఈ ఒక్క అర్థం మన పిల్లలకు చేసిన చెరుపు గురించే ఈ వ్యాసం.

ముందు 'ఆశ్చర్యపరచు' సంగతి తేల్చుకుందాం. ఈ మాటను నోటితో అన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇంట్లో, బజార్లో, బస్సులో? "నిన్న మా బావమరిది చెప్పాపెట్టకుండా వచ్చి నన్ను ఆశ్చర్యపరిచాడు" అని ఎవరైనా అంటే, ఇతగాడికి ఒంట్లో బాగున్నట్టు లేదనుకుంటాం. మన వైపు అయితే "ఓలమ్మో, అదాటున ఊడిపడ్డాడు" అంటాం. మా అమ్మ "సిత్రం గాదేటి!" అనేది. మా నాయనమ్మకు 'ఇడ్డూరం' కావాలి. ఆవిడ నోట్లో చిత్రం సిత్రమయ్యేది, విడ్డూరం ఇడ్డూరమయ్యేది, ఆశ్చర్యం మాత్రం ఎప్పుడూ ఏదీ అయ్యేది కాదు. దానితో ఆవిడకు పనే పడలేదు.

చదువుకున్న ఇళ్లల్లో ఆశ్చర్యం ఉంది, కాదనను. అక్కడ కూడా అది 'వేస్తుంది'. నాకు ఆశ్చర్యం వేసింది. ఆకలి వేసింది, చలి వేసింది, సిగ్గేసింది, భయమేసింది అన్నట్టే. దాన్ని మన మీద ఎవరు వేశారో తెలుగు అడగదు. లేదంటే మనమే 'పోతాం': ఆశ్చర్యపోయాను, నివ్వెరపోయాను, విస్తుపోయాను, బిత్తరపోయాను. గోడ కూలిపోయింది, పాలు విరిగిపోయాయి అన్న వరసలోనే మనమూ ఏదో అయిపోతాం. ఎవరో చేశారన్న మాటే ఉండదు.

ఇంగ్లీషు 'సర్‌ప్రైజ్' కథ దీనికి తలకిందులు. అక్కడ చేసేవాడు ముందు నిలబడాలి. వాడి చేతికి చిక్కేవాడు తరవాత రావాలి. కర్మ లేకుండా ఆ క్రియ నిలబడదు. ఎవరు, ఎవరిని అన్న రెండూ చెబితేనే వాక్యం. తెలుగులో ఆలోచించే పిల్లవాడికి 'మా నాన్న ఆశ్చర్యపోయాడు' నిండైన వాక్యం. దాన్ని మాటకు మాట దించితే 'మై ఫాదర్ సర్‌ప్రైజ్డ్' అవుతుంది. మనం దాన్ని తప్పని కొట్టేసి, 'వాజ్' మర్చిపోయావురా అని మొట్టికాయ వేస్తాం. వాడు మర్చిపోయింది 'వాజ్' కాదు. ఈ క్రియలో ఒకడు పట్టేవాడూ ఒకడు పట్టుబడేవాడూ ఉంటారని వాడికి ఎవరూ చెప్పలేదు.

పట్టుబడటం అని ఊరికే అనలేదు. 'సర్‌ప్రైజ్' పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. 'సుర్' అంటే మీద, 'ప్రాంద్ర్' అంటే పట్టుకోవడం. మీద పడి పట్టుకోవడమన్నమాట. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది యుద్ధం మాట: శత్రువు ఏమరుపాటున ఉండగా కోట మీద పడటం, దండు మీద పడటం. మనసుకు కలిగే ఆశ్చర్యం అన్న అర్థం ఆ తరవాతెప్పుడో దానికి అంటుకుంది. పుట్టినరోజు కేకులు, బెలూన్లు ఇంకా ఆ తరవాత.

ఇక్కడ మా నాన్న గుర్తొస్తాడు. సోంపేట వైపు పల్లెలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. మా ఇంట్లో 'సర్‌ప్రైజు' అంటే ఒకటే అర్థం, తనిఖీ. "సర్‌ప్రైజు పడింది" అనేవాడు, పిడుగు పడిందన్నట్టు, రైడు పడిందన్నట్టు. తమాషా ఏమిటంటే ఆ సర్‌ప్రైజు వస్తోందని ముందే తెలిసేది. ఇన్‌స్పెక్టరు గారి జీపు సెంటర్లో టీకి ఆగేది. టీకొట్టతను ఒక కుర్రాడిని సైకిలు మీద మా ఊరికి తరిమేవాడు. జీపు వచ్చేసరికి నాన్న నల్లబోర్డు మీద ఆనాటి తేదీ, హాజరు, పాఠం పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసి, పిల్లలచేత ఎక్కం చెప్పిస్తూ ఉండేవాడు. "రండి సార్, అనుకోలేదు" అనేవాడు. ఆ 'అనుకోలేదు' అనడంలో ఆయనకున్న నైపుణ్యం ఇప్పటి సినిమా నటులకు లేదు.

ఒక్కసారి మాత్రం ఆ కుర్రాడికి సైకిలు చైను తెగింది. నాన్న ఆ పూట పొలంలో ఉన్నాడు. పదిహేను రోజులకు మెమో వచ్చింది. అందులో మొదటి ముక్క నాకిప్పటికీ కంఠతా వచ్చు: 'ఇట్ ఈజ్ సర్‌ప్రైజింగ్ టు నోట్ దట్...' నేనప్పుడు ఏడో క్లాసు. గైడు తిరగేసి నాన్నకు చెప్పాను, "నువ్వు వాళ్లను ఆశ్చర్యపరిచావట నాన్నా" అని. మనిషి నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నలభై ఏళ్ల సర్వీసు ఎవరికైనా చూపించండి, ఆఫీసు ఇంగ్లీషులో 'సర్‌ప్రైజింగ్' అన్న మాట మెచ్చుకోలుగా వచ్చిన కాగితం ఒక్కటి ఉండదు. అది మందలింపుకు తొడిగిన తెల్లచొక్కా. నిన్ను చూసి ఇలా అనుకోలేదు, అంటే తప్పు చేశావు, అంటే సంజాయిషీ ఇచ్చుకో. తెల్లదొరలు పోయినా వాళ్ల ఫైళ్లలోని మర్యాద పోలేదు. సర్‌ప్రైజ్ విజిట్, సర్‌ప్రైజ్ చెక్, కాలేజీలో సర్‌ప్రైజ్ టెస్ట్, అన్నిట్లోనూ ఆ పాత యుద్ధమే నడుస్తోంది. ఒకడు మీద పడతాడు, ఒకడు దొరికిపోతాడు. మన దేశంలో మామూలు మనిషికి ఈ మాట మొదట పరిచయమయ్యేది ఈ రూపంలోనే. అయినా గైడు 'ఆశ్చర్యపరచు' అనే అంటుంది.

నాన్న మెమో చూశాకైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. పేరెందుకులెండి. చేరిన మూడో నెలలో స్టాకు లెక్కల రిపోర్టు నేనే తయారుచేసి ఎక్కడో ఉన్న పెద్ద ఆఫీసరుకు పంపాను. రెండ్రోజులు ఆలస్యం, పైగా అందులో ఒక గోడౌను లెక్క ఎగిరిపోయింది. ఆ సంగతి నాకప్పటికి తెలీదు. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఒకే ఒక్క లైను: 'ఐ యామ్ సర్‌ప్రైజ్డ్ టు సీ దిస్ రిపోర్ట్.'

పొంగిపోయాను. అంత పెద్దాయన నా పని చూసి ఆశ్చర్యపోయాడు! 'థాంక్యూ వెరీ మచ్ సర్, ఐ విల్ కంటిన్యూ ది సేమ్' అని తిరుగు మెయిలు కొట్టాను. గదిలో ఉండే ముగ్గురినీ ఆ సాయంత్రం బీచి రోడ్డుకు తీసుకెళ్లి మిరపకాయ బజ్జీలు తినిపించాను. మర్నాడు పొద్దున్న ఫోను వచ్చింది. ఆయన ఏమన్నాడో రాయను గానీ, 'ది సేమ్' అన్న మాటను మూడుసార్లు పలికాడు. ఫోను పెట్టేశాక రాత్రి తిన్న బజ్జీలు గొంతులోకి వచ్చాయి.

అప్పుడు అర్థమైంది. సర్‌ప్రైజ్‌కు కొలబద్ద ఎదుటి వస్తువు గొప్పతనం కాదు, మన లెక్క తప్పడం. మనం ఒకటి అనుకుని ఉంటాం, ఇంకొకటి జరుగుతుంది, ఆ రెంటికీ నడుమ ఎంత తేడా ఉంటే అంత సర్‌ప్రైజ్. అది మంచిదా చెడ్డదా అన్నది ఆ మాట చెప్పదు. మన 'ఆశ్చర్యం' అలాంటిది కాదు. అలంకారశాస్త్రం ఎప్పుడో చెప్పింది, అద్భుతరసానికి స్థాయిభావం విస్మయమని. చూసినదాని గొప్పతనానికి మనసు చేసే దండం అది. ముందే తెలుసా లేదా అన్నది దానికి పట్టదు.

నమ్మకపోతే అరసవల్లి వెళ్లండి. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు తిన్నగా వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయి. ఏ రోజుల్లోనో అందరికీ తెలుసు. పేపర్లో వేస్తారు. జనం చీకటితోనే వచ్చి వరసలో నిలబడతారు. అంటే ఇందులో సర్‌ప్రైజ్ అణుమాత్రం లేదు. అయినా ఆ వెలుగు గడప దాటి లోపలికి పాకుతుంటే, నా పక్కన నిలబడ్డ ముసలాయన గుటక మింగడం నాకు వినిపించింది. ఆయన పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. వస్తుందని తెలిసి, దానికోసమే వచ్చి, వచ్చాక నిలువునా వణికిపోవడం. దీన్ని 'సర్‌ప్రైజ్డ్' అంటే తప్పు. ఇంగ్లీషులో దీనికి వేరే మాటలున్నాయి: 'మార్వెల్', 'వండర్'. మబ్బు పట్టి ఆ పూట కిరణాలు రాకపోతే మాత్రం, అదీ సర్‌ప్రైజ్. నేను వెళ్లిన నాలుగుసార్లలో రెండుసార్లు ఆ సర్‌ప్రైజే దక్కింది.

ఇంకో మాట ఉంది, 'ఆస్టానిష్'. దీని పుట్టుక లాటిన్‌లో ఉరుము మాట నుంచి. అస్టౌండ్, స్టన్ దీని అక్కచెల్లెళ్లే. ఉరిమినట్టు, నెత్తిన పిడుగు పడ్డట్టు అని. మన 'నిర్ఘాంతపోవడం' విన్నప్పుడల్లా నాకు సంస్కృతంలోని నిర్ఘాతం వినిపిస్తుంది, ఆ మాటకూ పిడుగనే అర్థం. తాటిచెట్టు మీద పిడుగు పడితే చూశారుగా, ఆకులు మాడి, మోడు మోడులాగే నిలబడి ఉంటుంది. మనిషి నిర్ఘాంతపోయినప్పుడూ అంతే. కొయ్యబారి ఉండిపోతాడు.

ఈ రెండు మాటల తేడా చెప్పే ఒక పాత కథ ఉంది. అమెరికన్ నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ పేర చెబుతారు, కొందరు శామ్యూల్ జాన్సన్ పేర చెబుతారు, జరిగింది కాదు, ఎవరో అల్లినది. ఆయన పనిమనిషిని కావలించుకుని ఉండగా భార్య తలుపు తీసిందట. "ఐ యామ్ సర్‌ప్రైజ్డ్!" అందట. "కాదు, సర్‌ప్రైజ్ అయింది నేను, నువ్వు ఆస్టానిష్ అయ్యావు" అని దిద్దాడట ఆ మహానుభావుడు. మన భాషలో చెప్పాలంటే, దొరికిపోయింది నేను, నిర్ఘాంతపోయింది నువ్వు. కథలో ఆవిడ తరవాత ఏం చేసిందో ఎవరూ చెప్పరు. మా వైపు అయితే చీపురుకట్ట ప్రస్తావన తప్పక ఉండేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి నేను ఈ అరుగు వెనక గదిలోనే ఉన్నాను. తుపాను రాకడ మాకు సర్‌ప్రైజ్ కాదు. టీవీ చెప్పింది, ఫోను చెప్పింది, ఆటోకి మైకు కట్టుకుని తిరిగిన కుర్రాడు చెప్పాడు. కొవ్వొత్తులు కొనుక్కున్నాం, ట్యాంకు నింపుకున్నాం. తెల్లారాక మా తోడల్లుడి తోట చూద్దామని వజ్రపుకొత్తూరు వైపు బయల్దేరితే రోడ్డు లేదు, అడ్డంగా పడిన చెట్లే. దిగి నడిచాను. ఆయన తోటలో కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో లేచి పడుకున్నాయి, కొన్ని నడుం దగ్గర విరిగాయి, కొన్నిటికి తలకాయ మెలితిరిగి ఆకులన్నీ ఒకే వైపుకి దువ్వినట్టున్నాయి. జీడిచెట్లు పందిరి కూలినట్టు కూలిపోయి ఉన్నాయి. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, చేతిలో ఒక పచ్చి కాయ పట్టుకుని, దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాడు. పలకరిస్తే తల ఎత్తలేదు. ముందే తెలిసిన సంగతి మనిషిని ఇంత పని చేయగలదని ఆరోజే చూశాను. ఆయన సర్‌ప్రైజ్ కాలేదు. నిర్ఘాంతపోయాడు.

మరి చెట్లు? అమ్మాయి చెప్పిందే నిజం. వాటికెవరూ చెప్పలేదు. రాత్రివేళ, ఏమరుపాటున ఉండగా, సముద్రం వైపునుంచి వచ్చి మీద పడి పట్టుకుంది. ఆ మాట పుట్టిన అర్థంలో 'సర్‌ప్రైజ్'ను ఇంత సూటిగా వాడిన వాక్యం నేను ఏ గ్రామరు పుస్తకంలోనూ చూడలేదు.

దీనికి ఎదురుమాట ఉందని తెలుసు. నా మిత్రుడొకాయన నరసన్నపేటలో ఇంగ్లీషు చెబుతాడు. ఇదంతా చెబితే, "మాటల పుట్టుక వేరు, వాడుక వేరు గురువుగారూ. 'సోమవారం' అన్నప్పుడు చంద్రుడు గుర్తొస్తాడా నీకు?" అన్నాడు. ఒప్పుకుంటాను. వేరు పట్టుకుని అర్థం లాగడం అన్నిచోట్లా చెల్లదు. 'అమేజ్' అన్న మాటకు చిక్కుదారి అనే 'మేజ్'తో చుట్టరికముంది, అందుకని తాజ్‌మహల్ చూసి అమేజ్ అయినవాడు దారి తప్పాడని నేనను. కానీ 'సర్‌ప్రైజ్' సంగతి వేరు. ఇక్కడ పాత అర్థం పుస్తకాల్లో చచ్చి పడి లేదు, మెమోలో, తనిఖీలో, స్లిప్ టెస్టులో రోజూ తిరుగుతోంది. వాడుకే కావాలంటే ఇదే వాడుక.

వాడుక అంటే గుర్తొచ్చింది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవరల మాట సవరల నోటినుంచే నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజే మనకు తెలుగు భాషాదినోత్సవం. ఏటా దండలు వేస్తాం. జనం నోటిలోని తెలుగే రాయండి, నేర్పండి అని జీవితమంతా పోరాడిన ఆయన పుట్టిన జిల్లాలో కూర్చుని, పిల్లలకు ఇంగ్లీషు మాట అర్థం చెప్పడానికి ఏ నోటా లేని 'ఆశ్చర్యపరచు' వాడుతున్నాం. 'అదాటున పట్టుకోవడం' అంటే మా పిల్లలకు ఒక్క క్షణంలో ఎక్కుతుంది. 'అనుకోలేదు' అన్నా చాలు. 'స్టార్టిల్' అంటే ఉలికిపడేలా చేయడం. ఇది మాత్రం గైడ్లు కూడా చెడగొట్టలేకపోయాయి.

ఇంకొందరు పెద్దలకు, పిల్లలు "సర్‌ప్రైజ్ ఇచ్చాడు", "షాకయ్యాను" అంటున్నారని బాధ. నాకు ఆ బాధ లేదు. చేసేవాడిని ముందు పెట్టే క్రియ మనకు సరిపడక, దాన్ని నామవాచకం చేసి 'ఇచ్చు' తగిలించారు జనం. ఝలక్ ఇవ్వడం, షాక్ ఇవ్వడం, సర్‌ప్రైజ్ ఇవ్వడం. ఇదీ ఒక వ్యాకరణమే, ఎవరూ నేర్పకుండా వచ్చింది. ఒక్క చిక్కుంది. ఇలా 'ఇచ్చే' సర్‌ప్రైజ్ ఎప్పుడూ తీపిదే, కేకు, చీర, ఫారిన్ నుంచి చెప్పకుండా దిగిన కొడుకు. చేదుదైతే దాన్ని షాక్ అంటాం. ఇంగ్లీషువాడి సర్‌ప్రైజ్‌కు ఈ విభజన లేదు. ఆరోజు నేను బజ్జీలు తినిపించింది కూడా ఈ తీపి నమ్మకంతోనే.

డార్విన్ 1867లో ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్లకు ఒక ప్రశ్నల కాగితం పంపించాడు, మనుషుల ముఖాల్లో భావాలు ఎలా కనిపిస్తాయో కనుక్కోవడానికి. అందులో మొదటి ప్రశ్నే ఇది: విస్మయం కలిగినప్పుడు కళ్లూ నోరూ బాగా తెరుచుకుని, కనుబొమలు పైకి లేస్తాయా అని. ఆయన ఆ కాగితం మా నాయనమ్మకు పంపి ఉంటే, నోరు తెరవడం తరవాత, ముందు ముక్కు మీద వేలు పడాలి అని చెప్పి ఉండేది.

మర్నాడు అమ్మాయి నోటుబుక్కు మళ్లీ తీసుకుని, కొట్టేసిన వాక్యం పక్కన పదికి పది వేశాను. ఇంత కథా వాళ్లకూ చెప్పాను, బజ్జీలతో సహా. బాగా నవ్వారు. వెళ్లేటప్పుడు అమ్మాయి గడప దగ్గర ఆగింది.

"పరీచ్చలో ఇదే రాస్తే మార్కిత్తారా మాస్టారూ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇవ్వరమ్మా" అన్నాను.

"మరేటి రాయమంతారు?"

గైడులో ఉన్న వాక్యమే చెప్పాను. 'మై అంకుల్స్ విజిట్ సర్‌ప్రైజ్డ్ మీ.' అరుగు మీదే కూర్చుని బుద్ధిగా రాసుకుంది. రాసి, పుస్తకం సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుంటూ అంది:

"మాకు మావలు లేరు మాస్టారూ."